శివరాత్రి దాటాకే హార్బరు బురద దగ్గరికి రండి

శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారు. పక్షులు చూసేవాళ్ళ సీజన్ మాత్రం అంతకంటే ముందే అయిపోతుంది. నవంబరులో హడావిడి మొదలవుతుంది, జనవరిలో నీటిపక్షుల లెక్కలప్పుడు ఊపందుకుంటుంది, చొల్లంగి అమావాస్య వెళ్ళేసరికి కెమెరాలు బీరువాలోకి చేరతాయి. ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి నెలాఖరు దాకా కాకినాడ హార్బరు ఒడ్డున బైనాక్యులర్ పట్టుకుని నిలబడే మనిషి దాదాపు కనిపించడు. నన్నడిగితే ఏడాది మొత్తంలో అక్కడ మనిషి ఉండి తీరాల్సిన వారాలు అవే. ఆ వారాల్లో బురద మీద ఏం జరుగుతోందో చూసి, లెక్క రాసి పెట్టుకోకపోతే, కొన్నేళ్ళకు ఆ బురదే మనకు మిగలదని నా భయం. ఈ వ్యాసం ఆ భయంతోనే రాస్తున్నాను.

చోటు సంగతి ముందు చెబుతాను. ఏటిమొగ, ఫిషింగ్ హార్బరు పరిసరాల నుంచి కుంభాభిషేకం గుడి వైపు వెళ్ళే దారి అది. ఒక పక్క మరపడవలు, ఐసు ఫ్యాక్టరీల చప్పుడు, రోడ్డు వారనే ఆరబోసిన ఎండుచేపలు, వాటి మీద కన్నేసి తిరిగే గద్దలు, గరుడ పక్షులు. ఇంకో పక్క మడచెట్లు, ఉప్పుటేటి పాయలు, నీళ్ళు తీసినప్పుడు చూపు ఆనినంత దూరం బురద. దూరాన లంగరేసిన ఓడలు, వాటికీ రేవుకీ మధ్య సరుకు మోసే బార్జీలు. టూరిజం బోర్డులన్నీ మనల్ని కోరింగలోని చెక్క వంతెన మీదికి పంపుతాయి. మడ అడవి ఎలా ఉంటుందో చూడాలంటే అది మంచి చోటు, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళాల్సిన చోటు. కానీ నీళ్ళు తీసిన బురద మీద మేసే ఒడ్డు పక్షులు కావాలంటే ఇటు రావాలి. 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం గీత దగ్గర్లోనే ఉన్నా, హార్బరు వైపు బురదలో చాలా భాగానికి ఆ రక్షణ లేదు. అడవి శాఖ బోర్డు ఉన్న చోట జనం చూస్తారు, బోర్డు లేని చోట పక్షులు మేస్తాయి. నేను ఇక్కడ పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

ఆ బురద అక్కడెందుకు ఉందో తెలిస్తే దాని విలువ సగం తెలిసినట్టే. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు శతాబ్దాల్లో సముద్రంలోకి ఒక ఇసుక నాలుక పెరిగింది. అదే హోప్ ఐలాండ్, పొడవు 16 కిలోమీటర్లకు పైగా. బంగాళాఖాతం అలల దెబ్బ ముందు దానికి తగులుతుంది. అందుకే దాని వెనక ఉన్న కాకినాడ బే నెమ్మదిగా, లోతు తక్కువగా ఉంటుంది. ఓడలు దూరంగా ఆగడానికీ, పెద్ద తుపానుల్లో కాకినాడ ఊరికి కొంత రక్ష దొరకడానికీ ఆ నాలుకే కారణం. అలలు సద్దుమణిగిన నీళ్ళలో గౌతమి, కోరింగ, గాడేరు పాయలు తెచ్చిన సన్నటి ఒండ్రు కిందికి దిగుతుంది. ఏళ్ళ తరబడి అలా దిగిందే ఈ బురద. దాని పైపొరలో పురుగులు, గుల్లలు, బుల్లి పీతలు, నత్తలు. ఇసుక బీచ్‌లో అలల ఒరిపిడికి ఇంత తిండి నిలవదు. ఉప్పాడ బీచ్ మీద ఎంతసేపు నడిచినా కనపడని పక్షి ఇక్కడ వందల్లో ఉండటానికి కారణం అది. అటు ఉప్పాడేమో ఏటేటా సముద్రానికి భూమి సమర్పించుకుంటోంది. అదే తీరం, కొద్ది కిలోమీటర్ల తేడాలో ఒకచోట కోత, ఒకచోట మేట. తీరం గురించి ఒకే మాట చెప్పి అన్నిచోట్లా అదే అమలు చేద్దామనుకునే అధికారులు ఈ రెండూ ఒకే రోజున వెళ్ళి చూడాలి.

ఇక్కడ పక్షులు చూడటానికి గడియారంతో పని లేదు. పోటూ పాటూ తెలియాలి. రోజుకు రెండుసార్లు నీళ్ళు ఎక్కుతాయి, రెండుసార్లు తీస్తాయి. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటాయి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది, అష్టమి చుట్టుపక్కల చిన్నది. కాకినాడలో పెద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ. వినడానికి తక్కువే. కానీ బురద అంత చదునుగా ఉన్నప్పుడు ఆ కాస్త నీళ్ళు తీస్తే ఎన్నో వందల మీటర్ల నేల బయటపడుతుంది. పాటు పూర్తిగా ఉన్నప్పుడు వెళితే పక్షులన్నీ చుక్కల్లా దూరంగా ఉంటాయి. ఎండెక్కిందంటే బురద మీద గాలి వణికి స్కోపులో (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణిలో) కూడా ఏమీ తేలదు. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది అలాంటి వేళకు వచ్చి, "ఇక్కడేం లేదు" అని వెళ్ళిపోతారు. పోటుకు రెండు గంటల ముందు వచ్చి, నీడ పట్టున, ఒడ్డు మీదే కదలకుండా కూర్చోవాలి. నీళ్ళు పక్షుల్ని ఒక్కొక్క అడుగూ మన వైపు తోసుకొస్తాయి. ఈ సంగతి నాకు పుస్తకం చెప్పలేదు, పాయలో వల తీస్తున్న ఒక పెద్దాయన చెప్పాడు. "అంత దూరం బురదలోకి దిగుతావేంటి బాబూ, పోటు రానీ, ఆటంతటవే నీ దగ్గరికొత్తాయి" అన్నాడు.

మార్చిలో ఒక పొద్దున అలా కూర్చున్నప్పుడు చూసిన పక్షి గురించి చెప్పాలి. గ్రేట్ నాట్. పావురం కంటే కాస్త చిన్నది, బొద్దుగా ఉంటుంది, ముక్కు నల్లగా, తల కంటే పొడుగు, చివర చాలా స్వల్పంగా కిందికి వంగి ఉంటుంది. డిసెంబరులో చూస్తే బూడిద రంగు తప్ప చెప్పుకోవడానికేమీ ఉండదు. ఆ రోజు దాని రొమ్ము మీద నల్లటి మచ్చలు దట్టంగా దిగి ఉన్నాయి, భుజాల మీద ఇటుక రంగు ఈకలు మూడు నాలుగు వచ్చాయి, మిగతావి ఇంకా పాత బూడిద ఈకలే. ముక్కును బురదలో దించి, ఎత్తి, అంగుళం పక్కన మళ్ళీ దించుతోంది. చూపుతో వెతకడం లేదు, ముక్కు కొసతో తడుముతోంది. ఉన్నట్టుండి ఆగింది. ముక్కు లోపలే ఉంచి మెడ కాస్త తిప్పింది. బయటికి లాగేసరికి కొసన ఒక చిన్న గుల్ల, మన గోరంత. నీళ్ళలో ఒకసారి ఆడించింది, తల వెనక్కి వేసింది, గుల్ల గుల్లంతా లోపలికి. పగలగొట్టలేదు, తెరవలేదు. ఆ పని లోపల గిజర్డ్ చేస్తుంది. పెంకుతో సహా నలిపి పిండి చేసే కండరం అది. నీళ్ళు దాని మోకాళ్ళ దాకా వచ్చే వరకూ అది తింటూనే ఉంది. మింగిన ప్రతిదీ కింద గొంతు దగ్గర చిన్న ఉబ్బులా దిగడం స్కోపులో కనపడింది.

ఆ ఆకలికి కారణం ప్రయాణం. గ్రేట్ నాట్ గూడు పెట్టేది ఈశాన్య సైబీరియా కొండల మీద. బార్‌టెయిల్డ్ గాడ్విట్, కర్ల్యూ శాండ్‌పైపర్ లాంటివి కూడా ఉత్తరాన మంచు కరిగే నేలలకు పోవాల్సినవే. బ్రౌన్‌హెడెడ్ గల్ లదాఖ్, టిబెట్ సరస్సులకు పోతుంది. ఇవన్నీ బయలుదేరే ముందు కొన్ని వారాల పాటు బరువు పెంచుకుంటాయి. దూరప్రయాణం చేసే గాడ్విట్లలో బయలుదేరే నాటి బరువులో సగానికి పైగా కొవ్వే ఉంటుందని కొలిచి చూశారు. అంత బరువు మోయడానికి, ఎగరడానికి పనికిరాని పేగులు, గిజర్డ్ లాంటి అవయవాలు ప్రయాణానికి ముందు చిక్కిపోతాయి, ఛాతీ కండరాలు, గుండె పెరుగుతాయి. 2022 అక్టోబరులో ట్యాగు కట్టిన ఒక గాడ్విట్ పిల్ల అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా వాలకుండా ఎగిరింది. పుట్టి నాలుగైదు నెలలైనా నిండని పిల్ల! మన ఒడ్డున దిగేవి ఆ దారిన పోయేవి కాకపోవచ్చు, కానీ ఆ శరీరం తయారయ్యే పద్ధతి ఒకటే. పేగులు చిక్కిపోక ముందే తినాలి, తిన్నది కొవ్వు కావాలి, కొవ్వు సరిపోయాక గాలి అనుకూలించిన సాయంత్రం లేచిపోవాలి. డిసెంబరులో ఒక పాటు వృథా అయితే మర్నాడు తిని సరిపెట్టుకోవచ్చు. మార్చి రెండో వారంలో పోయిన పాటు పోయినట్టే.

అందుకే నేను జనవరి లెక్కల దగ్గర ఆగిపోవద్దంటున్నాను. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. దాని మీద నాకు గౌరవం ఉంది. ఒకే కాలంలో ఇన్ని దేశాల్లో లెక్కపెట్టడం వల్లనే ఏ జాతి తగ్గుతోందో తెలుస్తోంది. కానీ జనవరి లెక్క చెప్పేది చలికాలంలో ఇక్కడ ఎన్ని ఉన్నాయని. ప్రయాణానికి ఈ బురద ఎంత అవసరమో అది చెప్పదు. మార్చిలో దక్షిణాన పులికాట్ వైపు నుంచి, ఇంకా కిందున్న కోడియక్కరై వైపు నుంచి పైకి పోయే పక్షులు దారిలో ఆగడానికి ఇలాంటి చోట్లే చూసుకుంటాయి. జనవరిలో ఒక చోట రెండొందలు ఉండి, మార్చిలో మూడు వారాల పాటు వారం వారం వేరే రెండొందలు వచ్చి తిని పోతే, కాగితం మీద ఆ చోటి విలువ రెండొందలే. ఎవరో ఒకరు వారం వారం వెళ్ళి రాయకపోతే ఈ తేడా ఎప్పటికీ బయటపడదు.

చూడ్డానికి కూడా ఈ వారాలే బాగుంటాయి, అది మాత్రం ఎందుకు దాచాలి? కర్ల్యూ శాండ్‌పైపర్లు పొట్ట కింద నుంచి ఎర్రబడటం మొదలుపెడతాయి. బంగారు ప్లోవర్లకు రొమ్ము మీద నల్లటి పట్టీలు అక్కడక్కడా దిగుతాయి. శాండ్ ప్లోవర్లకు ఛాతీకి అడ్డంగా తుప్పు రంగు గీత. గల్ పక్షుల తల మీద కాఫీ రంగు టోపీ సగం సగం వచ్చి ఉంటుంది. కొత్తవాళ్ళు "అన్నీ ఒకేలా ఉన్నాయండీ, గుర్తుపట్టలేం" అని వదిలేసే పక్షులు ఇప్పుడే ఒక్కొక్కటీ తన పేరు చెప్పుకుంటాయి. నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నా సలహా, డిసెంబరులో కాదు, మార్చిలో మొదలుపెట్టండి. ఇంకో ఆకర్షణ ఇండియన్ స్కిమ్మర్. పై ముక్కు కంటే కింది ముక్కు పొడుగు, నీటిని కోసుకుంటూ ఎగురుతూ చేపల్ని పట్టే పక్షి. ప్రపంచం మొత్తం మీద గుడ్లు పెట్టే వయసొచ్చినవి మూడు వేల లోపేనని అంచనా. కాకినాడ ఒడ్డు వాటి చలికాలపు విడుదుల్లో ఒకటి. ఎండలు ముదిరి ఏటి ఇసుక తిన్నెలు తేలగానే చంబల్, మహానది లాంటి నదుల వైపు గుడ్లు పెట్టడానికి పోతాయి కాబట్టి, వాటిని చూడాలంటే ఫిబ్రవరి దాటకుండా రండి.

ఇక్కడ మనవాళ్ళతోనే ఒక పేచీ ఉంది. పోటు పూర్తిగా ఎక్కాక పక్షులకు మేత ఉండదు. మిగిలిన కాస్త పొడి మేట మీద అన్నీ దగ్గర దగ్గరగా చేరి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపులో పెట్టుకుని ఉంటాయి. ఫోటోకు అంత మంచి సమయం ఇంకోటి లేదు కాబట్టి కెమెరాలు అప్పుడే దగ్గరికి పోతాయి. మంచి ఎగిరే షాటు రావాలని చప్పట్లు కొట్టినవాళ్ళను చూశాను. డ్రోన్ ఎగరేసినవాళ్ళను చూశాను. ఒకసారి అడిగితే, "ఓ రౌండు వేసి మళ్ళీ అక్కడే వాలతాయి కదండీ" అన్నారు. వాలతాయి. కానీ ఆ రౌండుకు ఖర్చయ్యేది వారాల తరబడి గుల్ల గుల్లా ఏరి కూడబెట్టిన కొవ్వు. మార్చిలో ఆ గుంపును లేపడం నిండు చూలాలిని ఎండలో పరిగెత్తించడం లాంటిది. పక్షి తల ఎత్తి మిమ్మల్నే చూస్తోందంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేశారని అర్థం. అక్కడే ఆగండి, వీలైతే నాలుగడుగులు వెనక్కి వేయండి. అందమైన ఫోటో కంటే ఆ జీవి సైబీరియా చేరడం నాకు ముఖ్యం, మీకూ ముఖ్యం కావాలని గట్టిగా అడుగుతున్నాను.

అయితే ఫోటోలవాళ్ళు చేసే నష్టం మట్టి లారీల ముందు చాలా చిన్నది. హార్బరు ఒడ్డున బురద కనపడగానే మన యంత్రాంగానికి అది ఖాళీ స్థలంగా తోస్తుంది. కాలువ పూడిక తీసిన ఇసుక ఎక్కడ పోయాలన్నా అక్కడే, కొత్త షెడ్డు ఎక్కడ కట్టాలన్నా అక్కడే. 2020లో పేదల ఇళ్ల స్థలాల కోసమని దుమ్ములపేట దగ్గర మడను తొలగించి చదును చేసిన వ్యవహారం హైకోర్టు దాకా, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ వినపడే మాట ఒకటుంది. "ఇంత తీరం ఉంది, పిట్టలు ఇంకో చోటికి పోతాయిలే."

పోవు. దీనికి దక్షిణ కొరియాలో జరిగినదే సాక్ష్యం. సేమాంగమ్ అనే చోట రెండు నదుల మొగల్లో పెద్ద బురద నేల ఉండేది, ఉత్తరానికి పోయే గ్రేట్ నాట్లకు అది ముఖ్యమైన మజిలీ. దాన్ని పూడ్చి భూమి చేయడానికి 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టారు. 2006లో ఆ గోడ మూసుకుంది. నీళ్ళు ఆగాయి, గుల్లలు చచ్చాయి. రెండేళ్ళ పాటు అక్కడా, చుట్టుపక్కల బురదల్లోనూ లెక్కపెట్టారు. అక్కడ తగ్గిన వేల వేల పక్షులు పక్క బురదల్లో తేలలేదు. అవి చలికాలం గడిపే ఆస్ట్రేలియాలోనూ సంఖ్య పడిపోయింది. పక్క బురద ఖాళీగా ఉందని మనం అనుకుంటాం, అక్కడ తినే పక్షులు అక్కడ ముందే ఉన్నాయి. 2015లో గ్రేట్ నాట్‌ను అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. 2024 అక్టోబరులో కర్ల్యూ శాండ్‌పైపర్‌ను, గ్రే ప్లోవర్‌ను కూడా ప్రమాదం ఉన్నవాటి జాబితాలోకి మార్చారు. ఈ రెండూ మన హార్బరు బురద మీద రోజూ కనపడే పక్షులు. "బోలెడన్ని ఉన్నాయి కదా" అని మనం చెప్పుకునే పక్షులు.

మరి పేదవాళ్ళకు ఇళ్ళు వద్దా, హార్బరులో పని వద్దా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న, పక్కన పెట్టేది కాదు. ఏటిమొగలో ఒక గదిలో రెండు కాపురాలు సర్దుకునే ఇళ్ళు నేను చూశాను. వాళ్ళకు ఇల్లు కావాలి, గట్టి నేల మీద కావాలి. పోటు నీళ్ళు ఎక్కే బురదలో ఇసుక పోసి పట్టా ఇస్తే, మొదటి తుపానుకే ఆ ఇంటి గడపలోకి సముద్రం వస్తుంది. మడ నరికిన చోట అలను ఆపేదేమీ ఉండదు. 1789లోనూ, 1839లోనూ కోరింగను తుపాను ఉప్పెనలు ఎలా ముంచాయో ఈ జిల్లాలో తెలియనిదేమీ కాదు. అదీగాక ఈ బురద మీద బతికేది పక్షులొక్కటే కాదు. కాకినాడ బేలో గుల్లలు ఏరడం పాత జీవనోపాధి, ఒకప్పుడు ఊరి ఇళ్ళకు వేసిన గుల్లసున్నం ఇలాంటి గుల్లల నుంచే వచ్చింది. రొయ్య పిల్ల, పండుగొప్ప పిల్ల, మండపీత పిల్ల పెరిగేది ఈ పాయల్లో, మడ వేళ్ళ మధ్య. వల తీసే పెద్దాయన మాటే మళ్ళీ చెబుతాను. "పిట్ట ఎక్కడ మేత్తే అక్కడ మాకూ తిండుంటాది బాబూ. ఇసక పోసేక దానికీ లేదు, మాకూ లేదు." పక్షులా, పేదలా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న వేసినవాళ్ళు ఆ పాయలో ఎప్పుడూ చెయ్యి పెట్టలేదని నాకు అర్థమవుతుంది.

చట్టం మన వైపే ఉంది, సగం. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం మడ అడవులు, జీవం ఉన్న బురద నేలలు, పక్షులు గూళ్ళు పెట్టే చోట్లు అన్నీ అత్యంత కట్టుదిట్టమైన రక్షణ కిందికి వస్తాయి. ఇందులో మెలిక చూడండి. మన ఒడ్డు పక్షుల్లో చాలావాటి గూడు సైబీరియాలో. కాబట్టి గూళ్ళ పేరు మీద ఈ బురదను కాపాడలేం. ఇక మిగిలింది "జీవం ఉన్న బురద" అన్న మాట. జీవం ఉందని ఎవరు రుజువు చేయాలి? ప్రాజెక్టు పెట్టేవాళ్ళు రాయించే నివేదికకు ఒక బృందం వస్తుంది, కొద్ది రోజులు చూస్తుంది, తరచుగా వాళ్ళకు వీలైన రోజుల్లోనే చూస్తుంది. పాటు వేళ దూరపు చుక్కల్ని చూసి "సాధారణ కొంగలు, కాకులు" అని రాసి పోతే దాన్ని ఎదిరించడానికి మన దగ్గర ఏముండాలి? తేదీ, పోటు సమయం, చోటు, జాతి, సంఖ్య. వారం వారం, ఏళ్ళ తరబడి. మన ఫోన్లో ఈబర్డ్ ఉంది, చూసిన పక్షుల లెక్క నమోదు చేసే యాప్ అది, దానికి డబ్బు అక్కర్లేదు. హైదరాబాదు నుంచి వచ్చి అరుదైన పక్షి ఒక్కటి పట్టుకుని పోయేవాళ్ళ జాబితా కంటే, ఊళ్ళోనే ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థి ఒకడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి ఆదివారం అదే గట్టు మీద నిలబడి రాసిన లెక్క కోర్టులో ఎక్కువ పనికొస్తుంది.

రాసేటప్పుడు కొన్ని పద్ధతులు పాటిస్తే లెక్కకు బలం. ప్రతిసారీ అదే చోటు నుంచి, పోటుకు దాదాపు అంతే సమయం ముందు లెక్కపెట్టండి. పేరు తెలియని పక్షిని ఊహించి రాయకండి, "ప్లోవర్, జాతి తెలియలేదు" అని రాసినా విలువే. పెద్ద గుంపును చూసి రమారమి వెయ్యి అనకండి, ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో చూసి, దాన్ని గుంపంతా కొలుచుకుంటూ పొండి. మేస్తున్నాయా, విశ్రాంతిగా ఉన్నాయా రాయండి, ఎందుకంటే మేత చోటూ, పోటు వేళ చేరే చోటూ రెండూ కాపాడాల్సినవే, రెండోది చాలా చిన్నది, అందరికంటే ముందు పోయేది. కాలికి రంగు ప్లాస్టిక్ ముక్క కట్టి ఉంటే ఏ కాలికి, ఏ రంగులు, ఏ అక్షరాలు అని రాసుకోండి. ఆ ఒక్క వివరంతో ఆ పక్షి ఎక్కడ ఎవరి చేతిలో ఉంగరం తొడిగించుకుందో తెలుస్తుంది. ఒడ్డున తాబేళ్ళు చచ్చి పడి ఉంటే అది కూడా రాయండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీలు హోప్ ఐలాండ్ ఇసుకలోకి గుడ్లకు వచ్చే కాలం కూడా ఇదే.

ఇంకొక్క విషయం ప్రాజెక్టులకిచ్చే అనుమతుల షరతుల్లో చదివినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. "వలస పక్షుల కాలం ముగిశాక పనులు చేపట్టవలెను." వినడానికి పక్షుల మీద శ్రద్ధ ఉన్నట్టే ఉంటుంది. కానీ ఏప్రిల్ చివరికి బురద ఖాళీ కాదు. కర్ల్యూలు, గ్రేట్ నాట్లు, గాడ్విట్లలో మొదటి ఏడాది పిల్లలు చాలావరకు ఉత్తరానికి పోవు, గూడు పెట్టే వయసు రాలేదు కాబట్టి ఎండాకాలమంతా ఇలాంటి తీరాల్లోనే ఉండిపోతాయి. వచ్చే తరంలో చాలా భాగం మే నెల ఎండలో ఇలాంటి బురదల మీదే తింటుంటుంది. పైగా మే నెలలో పోసిన ఇసుక సెప్టెంబరులో తిరిగొచ్చే పక్షికి బురదై కనిపించదు. జిల్లా తీరప్రాంత పటంలో హార్బరు నుంచి కుంభాభిషేకం దాకా ఉన్న బురదనూ, పోటు వేళ పక్షులు చేరే మేటలనూ గీత గీసి చూపించాలి. ఏడాది పొడవునా అక్కడ మట్టి పోయడానికి వీల్లేదని ఆ పటం మీదే రాయాలి. ఈ కోరికతో కలెక్టరేట్‌కు అర్జీ తయారు చేస్తున్నాం, దానికి జతచేయడానికి మార్చి లెక్కలు కావాలి.

వచ్చే అమావాస్యకు ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు హార్బరు దారిలో ఉంటాను. స్కోపు నా దగ్గర ఉంది, మీరు టోపీ, నీళ్ళు, నోటుబుక్కు తెచ్చుకోండి. తెల్ల చొక్కా వద్దు. పోటుకు రెండు గంటల ముందు చేరండి, పిల్లలొచ్చినా పర్వాలేదు, బురదలోకి మాత్రం దిగనివ్వకండి.